నారికేళమా, పాషాణమా?

తత్వశాస్త్ర పుస్తకం ఏదైనా చేతికిస్తే మనలో చాలామంది రెండు పేజీలు చదివి మూసేస్తారు. ఊరికే మూయరు, "అబ్బో, చాలా లోతైన పుస్తకం" అని కూడా అంటారు. అర్థం కాకపోతే లోతున్నట్టేనా? నేనొప్పుకోను. తత్వం రాసేవాళ్లు స్పష్టంగా రాయాల్సిందే.

"మరి విషయమే కష్టమైతే?" అంటారేమో. కష్టం వేరు, అస్పష్టత వేరు. మ్యాక్స్‌వెల్ సమీకరణాలు మనకి కొత్త కాదు. 1865లో అచ్చయిన ఆయన పేపర్లో అవి 20. తర్వాత ఆలివర్ హెవిసైడ్ వాటిని వెక్టర్ల భాషలోకి మార్చి, ఇప్పుడు మనం చదివే నాలుగింటికి తెచ్చాడు. అంతమాత్రాన సబ్జెక్టు తేలికైపోయిందా? పరీక్ష ముందు రోజు రాత్రి ఎవర్నడిగినా చెప్తారు! చిక్కు పోయింది, కష్టం మిగిలింది. మనం కుస్తీ పట్టాల్సింది ఆ మిగిలిన కష్టంతోనే.

కొత్త ఆలోచనకి మొదట సరైన మాటలు దొరకవన్నది నిజమే. కాంట్ 1781లో 'క్రిటిక్ ఆఫ్ ప్యూర్ రీజన్' అచ్చు వేస్తే, మరుసటి ఏడాది వచ్చిన సమీక్ష దాన్ని బార్క్‌లీ భావవాదం పక్కన కూర్చోబెట్టింది. కాంట్‌కి ఒళ్లు మండింది. అయినా 1783లో అదే విషయాన్ని చిన్న పుస్తకంగా మళ్లీ చెప్పాడు. 1787లో అసలు పుస్తకంలోనూ కొన్ని భాగాలు తిరగరాశాడు. మాటలు దొరికేదాకా వెతకడం రాసేవాడి పని అని అంతటివాడికీ తప్పలేదు.

ఇంతకీ స్పష్టత ఎందుకు? చదివేవాడి సుఖం కోసం కాదు, కాదనే హక్కు కోసం. మన భాష్యకారులకి ఈ సంగతి బాగా తెలుసు. ఎదుటివాడి వాదాన్ని ముందు పూర్వపక్షంగా పెట్టి, ఆ తర్వాత సిద్ధాంతం చెప్పేవారు. రామానుజుడు శ్రీభాష్యం మొదట్లోనే అద్వైతుల వాదాన్ని వివరంగా చెప్పి, అప్పుడు ఖండించాడు. అందుకే ఎవరు ఎవరితో ఎక్కడ తేడా పడ్డారో ఈరోజుకీ వేలు పెట్టి చూపించొచ్చు. ఏం చెప్తున్నాడో తెలియనివాడితో మాత్రం ఎవరూ వాదించలేరు. వాళ్లని ఓడించలేం కాబట్టి మేధావులంటాం!

కవిత్వానికి ద్రాక్షాపాకం, కదళీపాకం, నారికేళపాకం అని చెప్తారు కదా. తత్వం నారికేళపాకంలో ఉన్నా నాకు అభ్యంతరం లేదు. పీచు తీద్దాం, బలంగా కొడదాం. కానీ పగిలాక లోపల నీళ్లుండాలి. ఎంత కొట్టినా పగలనిదాన్ని పాషాణపాకం అంటారు.

కాబట్టి ఈసారి మన క్లబ్బు చర్చలో ఎవరైనా బరువైన వాక్యం విసిరితే తల ఊపకండి. "ఇది తప్పయితే ఎలా తెలుస్తుంది?" అని ఒక్కసారి అడగండి. చెప్పగలిగితే కూర్చుని విందాం. చెప్పలేకపోతే లోపం మన బుర్రలో లేదు.