పడవ ముక్కుకూ కాస్త బరువు

వేక్‌సర్ఫింగ్ (పడవ వెనక లేచే అల మీద సర్ఫింగ్) పడవ కొన్న అమెరికన్లలో చాలామంది ధ్యాసంతా బరువు కోసం నీళ్లు నింపే వెనక ట్యాంకుల మీదే. వెనక బరువు పెరిగితే పడవ కుంగి అల ఎత్తుగా లేస్తుంది, నిజమే. కానీ ఆ అల పొట్టిగా, నిట్టనిలువుగా ఉండి సర్ఫర్‌ను ఎక్కువసేపు నిలవనివ్వదు. ముందు సీట్ల కింద నీళ్ల సంచి నింపితే, గంటకు 16–19 కిలోమీటర్ల అదే వేగంలో, ఎత్తు కొంచెం తగ్గినా అల పొడవుగా సాగుతుంది. పైగా ముక్కు కిందికి దిగి, ఎదురుగా ఈదే మనిషి డ్రైవరు కంటపడతాడు. ఈ ఒక్క కారణం చాలు, ముందు బరువును సమర్థించడానికి. అయితే లీటరు నీరంటే కిలో. 150 లీటర్ల సంచి మీదే ఇద్దరు పెద్దలు కూర్చుంటే లెక్క తప్పినట్టే. పడిపోయిన సర్ఫర్ కోసం డ్రైవరు గబుక్కున తిప్పి తను లేపిన అలకే ఎదురెళ్లాడా, నీళ్లు ముక్కు మీంచి నేరుగా ఒళ్లోకే! అందుకే మనుషుల్నీ బ్యాలస్ట్ (పడవకు ఎక్కించే బరువు) కిందే లెక్కేయాలి, తయారీదారు చెప్పిన పరిమితి దాటకూడదు. ప్రభుత్వ నియమాలూ చూసుకోవాలి: అమెరికాలోని వెర్మాంట్ రాష్ట్రంలోనైతే 2024 నుంచి ఒడ్డుకు కనీసం 500 అడుగుల దూరాన, 20 అడుగుల లోతున్న చోటే ఈ అలలు లేపాలి. ట్యాంకుల్లో మిగిలిన నీటితో జీబ్రా ఆల్చిప్పల పిల్లలు సరస్సులు మారడం మరో గొడవ. ముందు సంచినీ పూర్తిగా ఖాళీచేసి ఆరబెట్టాల్సిందే.