విప్పి కట్టిన పొట్లం

ఫారం 16 గాని, టెండరు పత్రం గాని, పింఛను లెక్క గాని ఈనాడు మన చేతికి అందేది చాలావరకు పీడీఎఫ్ రూపంలోనే. బ్రౌజరులో దానిపై నొక్కగానే పుట తెరుచుకుంటుంది. ఇందులో వింత యేమున్నదని మన పిల్లలు అడుగవచ్చు. లైనక్స్ వాడేవారికి మాత్రం ఈ సౌకర్యం అంత సులభంగా సిద్ధించలేదు. అది సిద్ధించిన తీరులో సాంకేతికుల మనసుకు హత్తుకునే విషయం కొంత ఉన్నది గనుక ఈ నెల దానిని ప్రస్తావిస్తున్నాము.

అడోబీ సంస్థ పీడీఎఫ్‌ను 1993లో ప్రవేశపెట్టింది. తరువాత నెట్‌స్కేప్ బ్రౌజరు రెండవ కూర్పుతో 'ప్లగిన్' అనే ఏర్పాటు వచ్చింది. బ్రౌజరు తనకు చేతకాని పనిని అప్పగించే ఉపకరణమే ప్లగిన్. మన వర్క్‌షాపులో లేతుకు తగిలించే అటాచ్‌మెంటు వంటిది. లైనక్స్‌కు కూడా అడోబీ రీడరు, దాని వెంట ఒక ప్లగిన్ వచ్చేవి. కాని అది 32 బిట్ల నిర్మాణం. 64 బిట్ల బ్రౌజరు దానిని నేరుగా తనలో చేర్చుకోజాలదు. రెంటి నడుమ ఒక మధ్యవర్తి ప్రోగ్రామును నిలిపి పని జరుపుకోవలసి వచ్చేది. ఆ లైనక్స్ రీడరు సైతం 2013లో 9.5.5 కూర్పుతో నిలిచిపోయింది.

మరొక మార్గం గూగుల్ వారి క్రోమ్. అందులో 2010లో పీడీఎఫ్ చూపే సాధనాన్ని చేర్చారు. దాని లోపలి యంత్రాంగం ఫాక్సిట్ సంస్థది. క్రోమ్‌కు మాతృక అయిన క్రోమియం మూలసంకేతం బహిరంగమైనది. డెబియన్ మొదలైన పంపిణీలు అందించేది దానినే. పీడీఎఫ్ భాగం బహిరంగం కాకపోవుటచే క్రోమియంలో లేదు. ఒకే కుదురు నుండి వచ్చిన రెండు బ్రౌజర్లలో ఒకటి పత్రాన్ని విప్పి చూపేది, రెండవది 'దింపుకొని చూసుకో' అనేది.

అప్పుడు ప్యాకేజీలు కట్టే స్వచ్ఛంద నిపుణులు పన్నిన యుక్తి చూడదగినది. లిబ్‌పీడీఎఫ్ అనే ఆ ఒక్క ఫైలును పంచిపెట్టే హక్కు వారికి లేదు. కనుక ప్యాకేజీలో సరుకు పెట్టలేదు. సరుకు తెచ్చుకొనే విధానం మాత్రమే వ్రాశారు. వాడుకరి యంత్రమే గూగుల్ నుండి క్రోమ్ ప్యాకేజీని దింపుకోవాలి. డెబ్ ప్యాకేజీ నిజానికి 'ఏఆర్' అనే పాత యునిక్స్ పద్ధతిలో కట్టిన మూట. విప్పితే మూడు వస్తువులు వస్తాయి: కూర్పు సంఖ్య తెలిపే చిన్న ఫైలు, వివరాలుండే కంట్రోలు మూట, అసలు సరుకుండే డేటా మూట. ఆ మూడవ దానిలో లిబ్‌పీడీఎఫ్‌ను వెతికి, దానినొక్కదానిని క్రోమియం డైరెక్టరీలో ఉంచి, మిగిలిన పదుల మెగాబైట్లను పారవేయాలి. కొబ్బరికాయంత మూట తెచ్చి ఏలకగింజంత తీసుకోవడమన్నమాట!

చిక్కంతా తరువాత వచ్చేది. క్రోమ్ కొత్త కూర్పు ఆ రోజుల్లో ఇంచుమించు ఆరు వారాలకొకటి వెలువడేది. అదే చిరునామాలో ఫైలు మారగానే ప్యాకేజీలో వ్రాసిన చెక్‌సమ్ సరిపోదు. స్థాపన మధ్యలో ఆగుతుంది. విసిగి చెక్‌సమ్‌నే తొలగించినవారున్నారు. అప్పుడు స్థాపన సాగుతుంది, కాని వచ్చినదేదో తెలియదు. ఆగిపోయే ప్యాకేజీయే మేలని మా అభిప్రాయం. తనిఖీ లేనిదే ఒక బోల్టునైనా స్టోర్సులోనికి రానివ్వని మనకు ఈ మాట వివరించనక్కరలేదు. పైగా పీడీఎఫ్ ముక్కుమొగము తెలియని వారి నుండి వచ్చే పత్రం. దానిని విప్పే భాగంలో భద్రతా లోపం బయటపడితే పంపిణీవారు క్రోమియంను సరిదిద్దుతారు. చేతితో తెచ్చి పెట్టిన లిబ్‌పీడీఎఫ్ మాత్రం ఆ పాత లోపంతోనే ఉండిపోతుంది. పత్రం చక్కగా తెరుచుకుంటున్నంత కాలం ఆ సంగతి ఎవరికీ తట్టదు.

2013లో ఫైర్‌ఫాక్స్ 19వ కూర్పు జావాస్క్రిప్టుతో వ్రాసిన తన సొంత పీడీఎఫ్ సాధనంతో వచ్చింది. 2014లో గూగుల్ తన భాగాన్ని పీడీఎఫియం పేర మూలసంకేతంతో సహా విడుదల చేసింది. మూటలు విప్పే పని అంతటితో తీరింది. సీడాక్ వారి బాస్ లైనక్స్ వాడే కార్యాలయాలకు కూడా ఇప్పుడు విడిగా ప్లగిన్ అక్కరలేదు.

ఒక్కటి మిగిలి ఉన్నది. ఫారం 16పై ఉండే డిజిటల్ సంతకాన్ని బ్రౌజరు సాధారణంగా బొమ్మగా చూపుతుందే గాని దాని సత్యాసత్యాలను పరీక్షించదు. బ్యాంకు రుణానికో, పిల్లల చదువుకో ఆ పత్రం ఇచ్చేటప్పుడు ఇది చిన్న విషయం కాదు. లైనక్స్‌లో పాప్లర్ ఉపకరణాలలోని 'పీడీఎఫ్‌సిగ్' ఆదేశం ఈ పరీక్ష చేస్తుంది. అది రెండు మాటలు వేరువేరుగా చెబుతుంది: సంతకం చెల్లుతుందా, సర్టిఫికెట్ జారీచేసినవారు మన యంత్రానికి తెలిసినవారా అని. మొదటిది సరిగా ఉండి రెండవది తెలియదని వస్తే పత్రం దిద్దబడినదని కంగారు పడనక్కరలేదు. మన దేశపు సర్టిఫైయింగ్ అథారిటీల కంట్రోలరు వారి మూల సర్టిఫికెట్ ఆ యంత్రంలో లేకపోవడం వలన కూడా అట్లు జరుగుతుంది. దానిని చేర్చే విధానం వచ్చే సంచికలో వివరిస్తాము.