పోస్టెల్ సూత్రానికి పూజలు చాలు

పంపేటప్పుడు కచ్చితంగా ఉండు, అందుకునేటప్పుడు ఉదారంగా ఉండు. 1980 నాటి ఐపీ స్పెసిఫికేషన్‌లో జాన్ పోస్టెల్ పెట్టిన ఈ సూత్రం నెట్‌వర్క్ ఇంజినీర్లకు వేదవాక్యం. స్పెసిఫికేషన్ ఒకటి చెప్పి కోడ్ ఇంకొకటి చేస్తుంటే, ఈ ఉదారతతోనే సర్దుకుపోవాలని, ఇంటర్నెట్ బతికి బట్టకట్టింది దీనివల్లేనని అంటారు. నేనొప్పుకోను. ఆ తేడాను పెంచి పోషించిందే ఈ ఉదారత.

బ్రౌజర్‌కూ సర్వర్‌కూ మధ్య కనెక్షన్‌ను గుప్తంగా ఉంచే టీఎల్ఎస్ ప్రోటోకాల్ సంగతే చూడండి. బ్రౌజర్ తనకు తెలిసిన అన్నిటికన్నా కొత్త వెర్షన్ చెబుతుంది. సర్వర్‌కు అది తెలియకపోతే తనకు తెలిసిన వెర్షన్‌తో జవాబివ్వాలి. ఇందులో తికమక ఏమీ లేదు. అయినా తెలియని నంబరు కనబడగానే కనెక్షన్ తెంపేసే సర్వర్లు బోలెడు తయారయ్యాయి. బ్రౌజర్లు ఆ తప్పును బయటపెట్టలేదు. వెర్షన్ తగ్గించి మళ్లీ అడగడం మొదలుపెట్టాయి. సైటు తెరుచుకుంది. తప్పు జరిగిందని సర్వర్ రాసినవాడికి తెలిసే దారే లేకపోయింది. దాడిచేసేవాడికి మాత్రం బాగా తెలిసింది: మధ్యలో కూర్చుని కనెక్షన్ చెడగొడుతూ పోతే, బ్రౌజర్ తనంతట తానే టీఎల్ఎస్‌కు ముందటి, 1996 నాటి ఎస్ఎస్ఎల్ 3.0 దాకా దిగివస్తుంది. 2014 అక్టోబరులో బయటపడ్డ పూడుల్ దాడికి దారి వేసింది ఇదే.

2018లో టీఎల్ఎస్ 1.3 వచ్చేసరికి, అలాంటి సర్వర్ల ముందు స్పెసిఫికేషనే తలవంచింది. వెర్షన్ గడిలో 1.2 అనే రాసి, అసలు వెర్షన్‌ను వేరే ఎక్స్‌టెన్షన్‌లో చెప్పాలి. దారిలోని ఫైర్‌వాల్‌లు బెదరకుండా, ఏ పనికీరాని పాత సందేశమొకటి పంపే ఏర్పాటు కూడా ఉంది. అత్త సొమ్ము అల్లుడు దానం చేసినట్టు, ఉదారత చూపిందొకరు, ఖర్చు భరించింది తర్వాత వచ్చినవాళ్లు.

పోస్టెల్‌ను తప్పుపట్టడం లేదు. నెట్‌వర్క్ చిన్నదిగా ఉన్న రోజుల మాట అది. పైగా 1989లో వచ్చిన ఇంటర్నెట్ సాంకేతిక పత్రం ఆర్ఎఫ్‌సీ 1122 ఈ సూత్రాన్ని చెబుతూనే, నెట్‌వర్క్ నిండా హాని తలపెట్టేవాళ్లే ఉన్నారనుకుని కోడ్ రాయమంది. భక్తులు ఆ సగం చదవరు! 2023లో వచ్చిన ఆర్ఎఫ్‌సీ 9413 అయితే, తప్పులను మౌనంగా భరిస్తే ప్రోటోకాల్ చెడిపోతుందని నేరుగానే చెప్పింది. క్రోమ్ వంటి బ్రౌజర్లు ఇప్పుడు గ్రీజ్ పద్ధతిలో అర్థంలేని విలువలను కావాలనే కలిపి పంపుతున్నాయి. తెలియనిదాన్ని పట్టించుకోకుండా వదిలేయాలన్న నియమం పాటించని సర్వర్ అక్కడే దొరికిపోతుంది.

కఠినంగా ఉంటే సైటు తెరుచుకోదు, జనం బ్రౌజర్‌నే తిట్టి పక్కదానికి పోతారన్నది ఎదుటివాళ్ల వాదన. ఒక్క బ్రౌజరే పంతానికి పోతే నిజమే. అందుకే 2018 అక్టోబరులో ఆపిల్, గూగుల్, మైక్రోసాఫ్ట్, మొజిల్లా కలిసి టీఎల్ఎస్ 1.0, 1.1లకు గడువు ప్రకటించాయి. జనం పోవడానికి పక్క బ్రౌజరే లేనప్పుడు, మారాల్సింది సర్వరే.