కోనేట్లో వదిలితే పుణ్యం దక్కేనా?

శ్రీకాకుళం: రూపాయి బిళ్లంత ఉంటుంది. పచ్చటి డిప్ప, కంటి వెనుక ఎర్రటి గీత. విశాఖపట్నంలో రంగు చేపలమ్మే దుకాణం ముందు గాజు తొట్టెలో ఈదుతూ కనబడితే ఏ పిల్లవాడైనా అక్కడి నుంచి కదలడు. “ఎంత పెరుగుతాది బాబూ?” అని తల్లి అడుగుతుంది. “ఎంతోటి పెరగదమ్మా, ఇంతే ఉంటాది” అంటాడు దుకాణదారు. ఇంట్లో తాబేలుంటే కలిసొస్తుందని ఎవరో చెప్పిన మాట ఎలాగూ చెవిలో ఉంది. ఆ సాయంత్రం ప్లాస్టిక్ సంచిలో నీళ్లతో సహా ఆ తాబేలు పిల్ల బస్సెక్కి మన పల్లెకు వస్తుంది. దాని పుట్టిల్లు అమెరికాలోని మిసిసిపీ నది లోయ.

ఆ తరువాతి కథ చాలా ఇళ్లలో ఒకటే. మొదటి నెల ఇంటిల్లిపాదీ దాని చుట్టూనే. వీధి పిల్లలంతా వచ్చి చూసిపోతారు. కొన్నేళ్లు తిరిగేసరికి ఆ రూపాయి బిళ్ల అన్నం తినే పళ్లెమవుతుంది. ఆడవైతే అడుగు పొడవు దాకా పెరుగుతాయి. తొట్టె చాలదు. రెండు రోజులు నీళ్లు మార్చకపోతే ఇల్లంతా కంపు. ఎండ తగలకపోతే డిప్ప మెత్తబడి జబ్బు చేస్తుంది. పోనీ కొన్నాళ్లే కదా అనుకోవడానికీ లేదు, దాని ఆయుష్షు ఇరవై ముప్పై ఏళ్లు. తెచ్చిన కుర్రవాడు ఇంటర్ చదువుకు పట్నం వెళ్లిపోతాడు. తాబేలు మాత్రం తల్లికి మిగులుతుంది. ఆమె ఒక మంచిరోజు చూసుకుని, డిప్పకు పసుపు కుంకుమ పెట్టి, గుడి కోనేట్లోనో ఊరి చెరువులోనో వదిలి దండం పెట్టుకుని వస్తుంది.

ఆమెను తప్పుపట్టడానికి నోరు రాదు. కూర్మనాథుడు వెలసిన జిల్లా ఇది. శ్రీకూర్మం గుడిలో నక్షత్ర తాబేళ్లను సాకే సంగతి ఇక్కడ పసిపిల్లలకు కూడా తెలుసు. తాబేలును నీటికి చేర్చడం పుణ్యమని ఆమె నమ్మితే అది సహజం. అయితే ఆ పుణ్యం ఖర్చు ఎవరు భరిస్తున్నారన్నదే ప్రశ్న.

ఈ ఎర్రగీత తాబేలు మొండిది. నాచు, చేపపిల్ల, కప్ప తోకపిల్ల, నత్త, ఏది దొరికినా తింటుంది. మన చెరువు తాబేళ్లు ఎండ కాచుకునే రాళ్లనూ దుంగలనూ ఆక్రమిస్తుంది. ఐరోపాలో అక్కడి తాబేళ్లను ఇది ఇలాగే పక్కకు నెట్టిందని పరిశోధకులు గమనించారు. దీని దిగుమతిని అక్కడి దేశాల కూటమి 1997లోనే ఆపివేసింది. ప్రపంచంలో పరాయి చోట చేరి చెరుపు చేసే వంద జీవుల జాబితాలో దీని పేరుంది. కేరళలో అటవీ పరిశోధన సంస్థ వీటిని నీళ్లలో వదలవద్దని, తమకు అప్పగించమని ప్రజలను అడగవలసి వచ్చింది. మన చెరువులో దిగాక వల వేసి ఏరడం ఎవరి తరమూ కాదు.

విదేశీ జీవులదే పాపమనీ కాదు. వానాకాలం రాత్రి పొలంలో బెకబెకలాడే మన గోదురు కప్పనే తీసుకోండి. మనకది నేస్తం, పైరును తినే పురుగులను తింటుంది. కాళ్ల మాంసం ఎగుమతి కోసం లెక్కలేనన్ని కప్పలను పట్టిన రోజులున్నాయి. 1987లో ప్రభుత్వం ఆ ఎగుమతిని నిషేధించింది. అదే కప్ప అండమాన్ దీవులకు చేరి అక్కడి చేపలనూ బల్లులనూ మింగుతూ ఇప్పుడు దొంగయి కూర్చుంది. చేపపిల్లల వెంట వెళ్లి ఉంటుందని పరిశోధకుల అనుమానం. ఇంట్లో అల్లుడు పొరుగూళ్లో దొంగ కావడానికి సముద్రం దాటడమే చాలింది.

ఇక పాములూ బల్లులూ పెంచేవారి సంగతి. పట్నాల్లో ఈ సరదా పెరుగుతోంది. ఆఫ్రికా కొండచిలువ, దక్షిణ అమెరికా ఇగువానా, మెక్సికో నీటి జీవి ఆక్సలాటల్, ఇవన్నీ గాజు పెట్టెల్లో ఉంటున్నాయి. ఆక్సలాటల్ సంగతి మరీ విచిత్రం. ప్రపంచమంతటా తొట్టెల్లో దండిగా ఉంది గాని పుట్టిన సరస్సులో కనుమరుగయ్యే దశకు వచ్చింది.

ఇటువంటి మక్కువ ఉన్నవారిని పిచ్చివాళ్లుగా చూడడం మనకు అలవాటు. అది న్యాయం కాదు. పాములంటే చిన్ననాటి నుంచీ ప్రాణం పెట్టిన రోములస్ విటేకర్ మద్రాసులో పాముల పార్కు పెట్టారు, 1976లో మహాబలిపురం దారిలో మొసళ్ల బ్యాంకు నెలకొల్పారు. పాములు పట్టి తోళ్లమ్మి బతికిన ఇరుల గిరిజనులకు ఆ వ్యాపారం మూతబడ్డాక దిక్కు లేకపోతే, 1978లో వారి సహకార సంఘం ఏర్పడడానికి పాటుపడ్డారు. ఇప్పుడు వారు పామును పట్టి విషం తీసి తిరిగి అడవిలో వదులుతారు. మన ఆసుపత్రుల్లో పాము కాటుకు ఎక్కించే మందుకు కావలసిన విషం చాలాభాగం అక్కడి నుంచి వచ్చిందే. విటేకర్‌కు 2018లో, ఇరులలైన వడివేల్ గోపాల్, మాసి సడయన్‌లకు 2023లో పద్మశ్రీ లభించింది. మక్కువకు చదువు తోడైతే ఇంత మేలుంది.

ఆ చదువు మన పల్లెలకు ఎంత అవసరమో లెక్కలే చెబుతాయి. 2000 నుంచి 2019 వరకు దేశంలో పాము కాటుకు పోయినవారు ఏడాదికి సగటున 58 వేల మందని ఒక పెద్ద అధ్యయనం తేల్చింది. ఎక్కువ మరణాలున్న ఎనిమిది రాష్ట్రాల్లో మన ఉమ్మడి రాష్ట్రం ఒకటి. పోయేది పొలంలో పనిచేసేవారు, నేల మీద పడుకునేవారు. కట్లపాము రాత్రిపూట నిద్రలో కాటేస్తే నొప్పి కూడా సరిగా తెలియదు. తెల్లారేసరికి రెప్పలు వాలిపోయి మాట ముద్దగా వస్తుంటే దిష్టి తగిలిందని తాయెత్తు కడతారు. ఈ లోపల జెర్రిపోతు కనబడితే చాలు, ఎలుకలు తినే ఆ అమాయకపు ప్రాణిని ఊరంతా కర్రలతో తరుముతారు. ఏది కట్లపామో, ఏది జెర్రిపోతో పదేళ్ల పిల్లకు బడిలో చూపించి చెబితే ఒక ఇంట్లో దీపం నిలుస్తుంది.

చూపించడం ఎలా అన్న దగ్గరే చిక్కు. కొందరు ఔత్సాహికులు నాగుపామును డబ్బాలో పెట్టుకుని బళ్లకు తెచ్చి, పడగ విప్పించి, పిల్లల చేత చప్పట్లు కొట్టిస్తారు. అది చదువు కాదు, గారడీ. మర్నాడు ఏ కుర్రవాడో గట్టు మీద పామును తోకపట్టి లేపబోతే జవాబుదారీ ఎవరు? పైగా అది నేరం. నాగుపాము, జెర్రిపోతు, కొండచిలువ, ఉడుము, నక్షత్ర తాబేలు, ఇవన్నీ 1972 నాటి వన్యప్రాణి రక్షణ చట్టం కిందికి వస్తాయి. నక్షత్ర తాబేలును ఇంట్లో కట్టేసుకుంటే మూడేళ్లకు తగ్గని జైలు పడవచ్చు. దానికి అన్నం, పాలు పెట్టి డిప్ప గుల్ల చేసేవారున్నారు. మెట్ట మీద గడ్డి మేసే ఆ జీవిని దయతలచి చెరువులో విడిచేవారూ ఉన్నారు. దానికి ఈత రాదు. మునిగి చస్తుంది.

విదేశీ జీవికి మాత్రం వేరే దారి ఉంది. అంతర్జాతీయ ఒప్పందం జాబితాలో ఉన్నవాటిని పెంచేవారు 2024లో వచ్చిన నిబంధనల ప్రకారం ప్రభుత్వం వద్ద నమోదు చేయించుకోవాలి. అంటే కాగితం ఉన్న పట్నం బాబు ఆఫ్రికా కొండచిలువను మెడలో వేసుకోవచ్చు, పొలంలో దొరికిన తాబేలును ఇంటికి తెచ్చుకున్న పాలేరు జైలుకు వెళ్లాలి. వినడానికి విడ్డూరంగానే ఉంటుంది. చట్టం మాత్రం తప్పు కాదు, మన అడవిని మన చేతుల నుంచే కాపాడవలసి వస్తోంది. కాకపోతే ఆ సంగతి పాలేరుకు చెప్పిన అధికారి ఎవరు? గ్రామ సచివాలయం గోడ మీద ఇన్ని పోస్టర్లు అంటిస్తారు, ఈ ఒక్కటీ కనబడదు.

కాగితాలున్న పెంపకందారులు బళ్లకు వస్తామంటే రానివ్వాలి. కాని రెండు షరతులు పెట్టాలి. తాకిన ప్రతి పిల్లవాడూ సబ్బుతో చేతులు కడుక్కోవాలి. తాబేళ్ల ఒంటి మీద సాల్మొనెల్లా అనే సూక్ష్మజీవి ఉంటుంది, పసిపిల్లలకు విరేచనాలు, జ్వరం తెస్తుంది. ఆ బెడద వల్లే అమెరికాలో నాలుగు అంగుళాల లోపు తాబేళ్ల అమ్మకాన్ని 1975లో ఆపారు. వాటి సొంత దేశంలో అమ్మకూడని పిల్లలు మన బజారులో దొరుకుతున్నాయన్నమాట. రెండో షరతు, జీవి అందం ఒక్కటే చెప్పి ఊరుకోకూడదు. అది ఎన్నేళ్లు బతుకుతుంది, నెలకు తిండికి ఎంత, కరెంటు దీపానికి ఎంత, ఊరు వెళ్లినప్పుడు ఎవరు చూస్తారు, అన్నీ చెప్పాలి. ఆ మాటలు విన్న పిల్లల్లో సగం మందికి పెంచాలన్న కోరిక అక్కడే చల్లారుతుంది, తెలుసుకోవాలన్న కోరిక మిగులుతుంది.

అసలు మన జిల్లాలో పంజరం అక్కరలేని బడి ఒకటి ఉండనే ఉంది. ఏటా చలికాలం చివర బారువ వంటి తీరాల్లో సముద్రపు తాబేళ్లు ఇసుకలో గుంటకు వంద చొప్పున గుడ్లు పెడతాయి. వాటిని కంచె వేసి కాపాడి, నెలన్నర దాటాక పిల్లలు పైకి రాగానే కెరటాల్లోకి వదులుతారు. అరచేతి కంటే చిన్న ప్రాణి తనంతట తాను సముద్రం వైపు పాకడం చూసిన కుర్రవాడికి గాజు తొట్టె ఏం ఆనుతుంది? ఆ తెల్లవారుజామున తీరానికి దగ్గరి ఊళ్ల బడిపిల్లలే కాదు, పాలకొండ, సీతంపేట వైపు పిల్లలు కూడా ఉండాలి. ఒక బస్సు, ఒక పూట ఫలహారం, ఇద్దరు ఉపాధ్యాయులు. జిల్లా విద్యాశాఖకు, అటవీ శాఖకు ఇది మోయలేని భారం కాదు.

ఇక ఇప్పటికే ఇంట్లో పెద్దదై కూర్చున్న ఎర్రగీత తాబేలును ఏం చేయాలో ఆ తల్లికి ఎవరూ చెప్పడం లేదు. రేంజి కార్యాలయంలో దానిని తీసుకునే ఏర్పాటు చేసి, ఆ సంగతి ప్రతి కోనేటి గట్టు మీద బోర్డు రాయించి పెట్టాలి. అమ్మే దుకాణంలో దాని వయసు, పెరిగే కొలత తెలుగులో రాసి తొట్టెకు అంటించాలి. అంతవరకు ఆమె దానిని వాకిట్లో కాస్త పెద్ద తొట్టెలో ఎండ తగిలేలా ఉంచుకోవడమే మేలు. కోనేట్లో మాత్రం వదలవద్దు.