రెండు జట్లు – మూడు పోటీలు

కర్ణుడధికుడా, అర్జునుడధికుడా యను వాదము మన యిండ్లలో నెన్ని తరములనుండి నడచుచున్నదో చెప్పజాలము. భారతము చదివిన ప్రతి యింటను అది యొక్కసారియైనను చెలరేగక మానదు. ఈ వేసవి సెలవులలో మా యింట నట్టి వాదమే మఱియొక రూపమున వచ్చినది. ఈసారి విల్లమ్ములకు బదులు హాకీ కఱ్ఱలు వచ్చినవి.

పాతకాలపు భారత హాకీ ఆటగాండ్రు గొప్పవారా, ఈ కాలపువారు గొప్పవారా యని మావారికిని పెద్దకుమారునకును పట్టుదల పుట్టెను. రెండు దినములు వాదించియు తెగకపోగా, చెరియొక కాగితము తీసికొని, ఎల్లకాలముల ఆటగాండ్రనుండి ఏరి పదునొకండుగురేసి పేర్లు వ్రాసిరి. ఈ రెండు జట్లకు మూడు పోటీలు. రెండు గెలిచినవారు విజేతలు. ఆట యంతయు మాటలలోనే. తీర్పరిగా మమ్ము కూర్చుండబెట్టిరి. మేము హాకీ కఱ్ఱ పట్టి యెఱుగము. కాని ఇరుపక్షములవారు చెప్పినదంతయు చెవియొగ్గి విని, సందేహము కలిగినచోట పుస్తకములు చూచి, ఉన్నదున్నట్లు మీ ముందుంచుచున్నాము.

మొదట కాలమునకు గట్టు వేసిరి. 1976లో మాంట్రియల్ నగరమున ఒలింపిక్ హాకీ తొలిసారిగా కృత్రిమపు టర్ఫుపై నాడబడినది. అంతకుముందు గడ్డినేలపై నాడినవారు మావారి పచ్చిక జట్టు. తరువాతివారు అబ్బాయి టర్ఫు జట్టు.

పచ్చిక జట్టును వినుడు. గోలు కాచుటకు శంకర్ లక్ష్మణ్. వెనుక రణధీర్ సింగ్ జెంటిల్, పృథ్వీపాల్ సింగ్. నడుమ లెస్లీ క్లాడియస్, అజిత్‌పాల్ సింగ్, కేశవ దత్తు. ముందు వరుసలో కె. డి. సింగ్ బాబు, బల్బీర్ సింగ్, ధ్యాన్‌చంద్, రూప్‌సింగ్, అశోక్ కుమార్. ఇందు ధ్యాన్‌చంద్, రూప్‌సింగ్ అన్నదమ్ములు. అశోక్ కుమార్ ధ్యాన్‌చందు కుమారుడు. తండ్రియు పినతండ్రియు కుమారుడును ఒకే వరుసను నిలిచి యాడుట కాగితముమీద మాత్రమే సాధ్యము గదా యని మాకు ముచ్చట కలిగినది.

వీరి బలము సామాన్యము కాదు. 1928లో ఆమ్‌స్టర్‌డామున మనవారు ఒక్క గోలైనను ఇయ్యక స్వర్ణము గెలిచిరి. ధ్యాన్‌చందు ఒక్కడే 14 గోలులు చేసెను. 1932లో లాస్ ఏంజలిసున అమెరికాపై 24–1 తో గెలిచినప్పుడు తమ్ముడు 10, అన్న 8 చేసిరి. 1936లో బెర్లినున తుదిపోటీలో జర్మనీపై 8–1. 1952లో హెల్సింకి తుదిపోటీలో మనవారు చేసిన 6 గోలులలో 5 బల్బీరువే. 1956లో మెల్‌బోర్నున శంకర్ లక్ష్మణ్ కాచుచుండగా క్రీడలు ముగియువఱకు మన గోలులోనికి బంతి పోలేదు. పాకిస్థానుతో జరిగిన తుదిపోటీలో నొకేయొక గోలు జెంటిల్ చేసినది. 1928 మొదలు 1964 వఱకు ఏడు స్వర్ణములు వచ్చినవి.

అబ్బాయి తన కాగితము విప్పెను. గోలుకు శ్రీజేష్, వెనుక పర్గత్ సింగ్, హర్మన్‌ప్రీత్ సింగ్, నడుమ సర్దార్ సింగ్, మన్‌ప్రీత్ సింగ్, దిలీప్ తిర్కీ, ముందు మన హైదరాబాదు ముఖేష్ కుమార్, మహమ్మద్ షాహిద్, ధనరాజ్ పిళ్లె, సురీందర్ సింగ్ సోధీ, జఫర్ ఇక్బాల్. టర్ఫు కాలమున మనకు వచ్చిన ఒలింపిక్ స్వర్ణ మొక్కటే, అది 1980లో మాస్కోలో. పిమ్మట 41 సంవత్సరములు పతకమే లేదు. కోవిడు కారణమున ఏడాది ఆలస్యమై 2021లో జరిగిన టోక్యో క్రీడలలో జర్మనీని 5–4 తో గెలిచి కాంస్యము తెచ్చిరి. 2024లో పారిసున మరల కాంస్యము.

“ఏడెక్కడ, ఒకటెక్కడ!” అని మావారు నవ్విరి.

“1932లో ఎన్ని దేశములాడినవి నాన్నగారూ? మూడే గదా!” అని అబ్బాయి.

“1980లో నెన్ని? ఆరే గదా! అనేక దేశములు మాస్కోకు రానేలేదు” అని మావారు.

రెండును నిజములే. కనుక పతకముల లెక్క కట్టిపెట్టి ఆటయే ఆడుడని మేము ఆజ్ఞాపించితిమి.

మొదటి పోటీ పచ్చికపై. నియమములు కూడ ఆ కాలపువే: 35 నిమిషముల అర్ధభాగములు రెండు, కొయ్యకఱ్ఱలు, ఆఫ్‌సైడు నియమము, ఆట నడుమ ఆటగాండ్ర మార్పిడి లేదు. గడ్డినేల యనగా అలికిన గచ్చు కాదు. గడ్డి కుదుళ్లు, చిన్న గుంటలు, తడి. బంతి ఎప్పుడెటు ఎగురునో తెలియదు. అట్టిచోట బంతిని కఱ్ఱకంటి నిలుపుటయే విద్య, మునికట్టు త్రిప్పి యెదిరిని భ్రమింపజేయుటయే బలము. టర్ఫుపై బంతి తిన్నగా వచ్చుటకు అలవడిన చేతులిక్కడ తడబడును. షాహిదు, ధనరాజు మాత్రము తమ చేతివాటముచే నిలద్రొక్కుకొందురు. అయినను ధ్యాన్‌చంద్, రూప్‌సింగ్, బాబు ముగ్గురొక్కచోట చేరినపుడు వారి నడుమనుండి బంతి లాగుట కష్టము. 4–2 తో పచ్చిక జట్టు గెలిచినదని తీర్పు చెప్పితిమి. అబ్బాయి గొణిగెను గాని కాదనలేదు.

రెండవ పోటీ నీళ్లు చల్లిన టర్ఫుపై, నియమములు నేటివి. 15 నిమిషముల భాగములు నాలుగు, ఆఫ్‌సైడు లేదు, ఆటగాండ్రు అలసినపుడెల్ల వెలుపలికి వచ్చి మరల పోవచ్చును. ఇక్కడ బంతి గచ్చుమీద గోలీవలె దొర్లును. దానికంటె వేగముగా మనుష్యుడు పరుగెత్తవలెను. పెనాల్టీ కార్నరు వచ్చినచో హర్మన్‌ప్రీతు బంతిని కఱ్ఱ వెంబడి లాగి, వడిసెలనుండి రాయి విడిచినట్లు విసరును. పారిసు క్రీడలలో నాతడు చేసినవి 10 గోలులు. శిరస్త్రాణము లేక నిలిచిన శంకర్ లక్ష్మణునకు అట్టి బంతి క్రొత్త. ఇవతల శ్రీజేషు ఎట్టివాడనగా, టోక్యోలో కాంస్యపు పోటీ ముగియుటకు క్షణములే మిగిలి యుండగా జర్మనీవారి పెనాల్టీ కార్నరు నడ్డగించినవాడు. పారిసున గ్రేట్ బ్రిటనుతో నాడునపుడు ఒక ఆటగాని వెలుపలికి బంపివేయగా, మిగిలిన పదుగురే తుదివఱకు నిలిచి 1–1 గా ముగించి, షూటౌటులో 4–2 తో గెలిచిరి. అది ఈ కాలపు దేహశిక్షకు నిదర్శనము. కావున నీ పోటీ 5–2 తో టర్ఫు జట్టునకు ఇచ్చితిమి. ఈసారి మావారు గొణిగిరి.

ఇక మూడవది. అది ఏ నేలపై నాడవలెనో తేలలేదు. ఒకరు పచ్చిక యనిరి, ఒకరు టర్ఫు అనిరి. మేమెటు చెప్పినను గెలుపు చెప్పినట్లే యగును. అప్పుడు మాకు కర్ణుని రథచక్రము జ్ఞప్తికి వచ్చినది. నేల చక్రమును మ్రింగిన పిమ్మట ఇద్దఱి విలువిద్యలను తూచుట ఎట్లు? మనము వీరులనే పోల్చుకొందుము గాని వారి కాళ్లక్రింది నేలను పోల్చము.

ఇది కథ మాత్రమే కాదు. 1975 మార్చిలో కౌలాలంపూరున పాకిస్థానును 2–1 తో ఓడించి మనవారు ప్రపంచ కప్పు గెలిచిరి. గెలుపు గోలు అశోక్ కుమారుది, నాయకుడు అజిత్‌పాల్ సింగ్. మఱుసటి యేడు మాంట్రియలులోను అజిత్‌పాలే నాయకుడు, అశోక్ కుమారుడును జట్టులో నుండెను. కాని ఆ టర్ఫుపై మనకు దక్కినది ఏడవ స్థానము. ఏడాదిన్నరయైన గడువకుండ ఆ మనుష్యుల చేతులలోని విద్య యెక్కడికి పోవును? నేల మారినది. క్రొత్తనేల పరచుటకు ధనము గావలెను. పరచినదాక మన పిల్లలు గడ్డిమీద నేర్చి టర్ఫుమీద పరీక్షకు నిలువవలసివచ్చినది.

ఈ మాటలు జరుగుచుండగా ఎనిమిదవ తరగతి చదువుచున్న మా అమ్మాయి మూడవ కాగితమొకటి తెచ్చినది. అందు ఆడువారి పేర్లు: గోలుకు సవిత, ఆమెకు తోడుగా మన చిత్తూరు జిల్లానుండి వచ్చి భారత జట్టునకు గోలు కాచిన ఏతిమరపు రజని, ఇంకను రాణీ రాంపాల్, వందనా కటారియా, గుర్జీత్ కౌర్, సూరజ్ లతాదేవి, మమతా ఖరబ్. 2002లో మాంచెస్టరున కామన్వెల్తు స్వర్ణము గెలిచినదియు, టోక్యోలో గుర్జీతు గోలుతో ఆస్ట్రేలియాను 1–0 తో నోడించినదియు, కాంస్యపు పోటీలో 4–3 తో ఓడి కన్నీరు పెట్టినదియు గడగడ చెప్పినది.

“అమ్మా, వీరికి ఎదురుగా పాతకాలపు ఆడువారి జట్టు వ్రాసి యిమ్ము” అనినది.

మేము కలము పట్టి కూర్చుంటిమి. పురుషుల హాకీ 1908లోనే ఒలింపిక్సున ప్రవేశించెను. స్త్రీల హాకీ 1980లో. నడుమ 72 సంవత్సరములు. 1961లో అర్జున పురస్కారములు మొదలైనపుడే హాకీ ఆటకత్తె ఆన్ లమ్స్‌డెనుకు అది లభించినది. అనగా పురస్కారమీయదగిన ఆట ఆడువారి చేతులలో నుండినది. వారు పోదగిన ఒలింపిక్సు లేదు. 1974లో స్త్రీల ప్రపంచ కప్పు మొదలగువఱకు వారికి లోకమెఱిగిన అంగణమే లేదు. మావారి కాగితము నిండిపోయి కొందఱిని కొట్టివేయవలసివచ్చినది. మా కాగితమున ఒక్క పేరు వ్రాసి ఆగితిమి.

“అప్పుడు మంచి ఆటకత్తెలు లేరా?” అని అమ్మాయి అడిగినది. “ఉండియుందురమ్మా, నేల లేదు” అంటిమి.

అమ్మాయి కొంతసేపు ఊరకుండి, “నాకును లేదుగదమ్మా” అనినది.

సోదరీమణులారా, దాచనేల? గత సంవత్సరము బడి జట్టునకు అమ్మాయిని పంపుడని వ్యాయామోపాధ్యాయిని కబురంపగా, సాయంకాలము ఆరవేసిన బట్టలు తీయవలెను, బియ్యమేరవలెను, చంటివానిని చూడవలెనని వలదంటిమి. “నీకా ఆటలో అంత నేర్పు లేదులే” అని కూడ అంటిమి. దాని ఆట మేము చూడనేలేదు. అన్నకు మాత్రము సంధ్యవేళ మైదానము ఎన్నడును తప్పలేదు. బడి మైదానముకూడ ఉదయ సాయంకాలములు బాలురకే చెల్లుచున్నదట. ఇందులో బడి తప్పెంతయో మా తప్పును అంతే.

ఆ రాత్రియే మావారితో మాటాడితిమి. సోమ గురువారములలో సాయంకాలము మైదానము బాలికలకు విడువవలసినదని బడి పెద్దల నడిగెదమనిరి. ఇయ్యకున్నచో మరల నడుగవలెనని మేమంటిమి. ఆ రెండు దినములు బట్టలును బియ్యమును అబ్బాయి వంతు. మొదటినాడే బియ్యములో రాళ్లు మిగిల్చినాడు. తండ్రికొడుకు లిద్దఱును మాటాడక నమలిరి. కఱ్ఱ యొకటి కొంటిమి. అమ్మాయికి నేర్పు కలదో లేదో ఇప్పుడు మేము చెప్పము. ఒక యేడు ఆడిన పిమ్మట అదియే తెలియును.

మీ యింట కూడ ఇట్టి జట్లు వ్రాసికొనుడు. వేసవి మధ్యాహ్నము సుఖముగా గడచును. వ్రాయునపుడు మీ యమ్మాయి చేతికిని ఒక కాగితమిండు. మా మూడవ పోటీ యింకను జరుగలేదు. కాగితములు మూడును పంచాంగములో భద్రముగా నున్నవి.