గాలి లీకుకి టేపు చుట్టేయమనే పెద్దలకు

పోస్టు పొడుగ్గానే ఉంటుంది. తిట్టుకున్నా సరే, పూర్తిగా చదివి తిట్టుకోండి.

పొంగల్ ఆటలపోటీలకని మన కుర్రాళ్లు నాలుగు పెయింట్‌బాల్ మార్కర్లు పాతవి సంపాదించారు. రంగు గుళ్లు పేల్చే తుపాకులే, కానీ ఆ ఆటవాళ్లు తుపాకి అనరు. అమెరికాలో చెట్లకూ పశువులకూ దూరం నుంచి రంగు గుర్తు పెట్టడానికి చేసిన పనిముట్టు అది. 1981లో న్యూహాంప్‌షైర్‌లో కొందరు దాంతో ఆటాడుకున్నారు, పేరు అలాగే నిలిచిపోయింది. సరే, మనవాటిలో మూడు సిలిండరు బిగించగానే బుస్సుమని గాలి వదులుతున్నాయి. కుర్రాళ్లు గ్రూపులో సాయం అడిగారు. అంతే, రాత్రి పదకొండు దాకా సలహాల వాన. టేపు చుట్టండి అని ఒక అన్న, పైన ఎం-సీల్ ముద్ద పెట్టండి అని ఒక బావ, మరల్లో జిగురు పోస్తే జన్మలో లీకవదు అని ఒక మామయ్య గారు.

ముగ్గురూ నాకంటే పెద్దవాళ్లు. అయినా ఈ మూడింటినీ నేను వ్యతిరేకిస్తున్నాను. మూడోదాన్నయితే గట్టిగా వ్యతిరేకిస్తున్నాను.

మనది మిల్లుల ఊరు. ప్రతి వీధిలో ఒక ఫిట్టరుంటాడు, ప్రతి ఇంట్లో గాలి పైపు ముట్టుకున్న చెయ్యి ఒకటుంటుంది. అదే మన ధైర్యం, ఇక్కడ అదే మన తప్పు. మిల్లు లైన్లో గాలి ఆరేడు బార్లు, అంటే సుమారు వంద పీఎస్‌ఐ. లారీ టైరులో ఉండేదీ దాదాపు అంతే. మార్కరు సిలిండరులో 3000 పీఎస్‌ఐ, కార్బన్ ఫైబరు చుట్టినదైతే 4500. రెగ్యులేటరు దాటాక కూడా వందల్లో ఉంటుంది. మిల్లులో లీకైతే కరెంటు డబ్బు పోతుంది. మూడు మిల్లీమీటర్ల రంధ్రం ఒక్కటి రాత్రింబవళ్లు మూడు నాలుగు కిలోవాట్లు మింగుతుంది. ఇక్కడ లీకుకి పొరపాటు మందు వేస్తే పోయేది డబ్బు కాదు.

ఏ సీలెంటు అని ఎవరైనా అడిగితే నేను ముందు ఒకటే అడుగుతాను: ఈ జాయింటులో గాలిని ఆపేది మరా, రబ్బరు రింగా?

మార్కరు ఒంటికి బిగించే ట్యూబు ఫిట్టింగు, ప్రెజరు గేజి, ఇవి ఎక్కువగా 1/8 అంగుళం ఎన్‌పీటీ మరలు. కొస వైపు సన్నబడే మర. బిగించేకొద్దీ మర మీద మర ఒత్తుకుంటుంది, మిగిలిన సందుని సీలెంటు నింపుతుంది. సీలెంటుకి పని ఉన్నది అక్కడే. సిలిండరుని మార్కరుకి తిప్పి ఎక్కించే చోటు వేరు. అది సమానంగా ఉండే మర, పట్టుకోవడానికే తప్ప గాలిని ఆపడానికి కాదు. ఆపేది సిలిండరు మూతిమీది ఓ-రింగు. అక్కడ లీకైతే రింగు చిరిగిందని అర్థం. కొత్తది వేస్తే అయిపోతుంది, చిల్లర ఖర్చు. మనవాటిలో రెండింటికి అదే రోగమని, కుర్రాళ్లు పంపిన వీడియో చూస్తే నా అనుమానం.

ఇప్పుడు మామయ్య గారి జిగురు సంగతి. సిలిండరు ఎక్కే మరలో లాక్ జిగురు పోశారనుకోండి. సాయంత్రం ఆట అయ్యాక కుర్రాడు సిలిండరు తిప్పుతాడు, రాదు. ఇంకో కుర్రాడు వచ్చి బలంగా తిప్పుతాడు. అప్పుడు సిలిండరు కదులుతుంది, కానీ మార్కరు నుంచి కాదు. వాల్వు మార్కరులోనే ఉండిపోయి, సిలిండరు వాల్వు నుంచి ఊడుతుంది. లోపల గాలి నిండుగా ఉంటే అది రాకెట్టే. ఇది భయపెట్టడానికి చెప్పే కథ కాదు. 2000 తర్వాతి తొలి ఏళ్లలో అమెరికాలో కార్బన్ డయాక్సైడు సిలిండర్లు ఇలాగే వాల్వు నుంచి ఊడి ఎగిరి మనుషులు చనిపోయారు. సిలిండరు తిప్పేటప్పుడు వాల్వు కూడా దాంతో పాటే తిరుగుతోందా అని కంటితో చూడాలి. తిరగకపోతే ఆపేసి అక్కడ పెట్టాలి.

టేపుకి నేను శత్రువుని కాను. ముప్పై ఏళ్లు మిల్లులో చుట్టాను. కానీ నా తప్పొకటి చెప్పాలి. మిల్లు పేరు ఎందుకులెండి. ఒక రాత్రి షిఫ్టులో ఆటోకోనరు దగ్గర ఫిట్టింగు మార్చి, టేపుని మర కొస దాకా చుట్టేశాను. కొసన ఒక చుట్టు వదలాలని తెలుసు, తొందరలో వదల్లేదు. బిగిస్తుంటే తెగిన పోగు గాలితో పాటు పోయి సోలెనాయిడు వాల్వులో ఇరుక్కుంది. నూలు అతకడం ఆగిపోయింది. తెల్లారేదాకా నేనూ నా హెల్పరూ ఒక్కో వాల్వు విప్పుతూ కూచున్నాం. మిల్లులో పోయింది ఒక రాత్రి పని. మార్కరులో గాలి దారులు ఇంకా సన్నం. అదే పోగు రెగ్యులేటరు సీటు మీద కూచుంటే రెగ్యులేటరు మూసుకోదు, లోపల ప్రెజరు పాకుతూ పెరుగుతుంది. సెకనుకి 300 అడుగులు దాటకూడని గుండు దాటుతుంది. ఎదురుగా ఉండేది మన పిల్లలే.

బావ గారి ఎం-సీల్ నీళ్ల పైపుకి పెట్టుకుందాం. లీకు లోపల మరలో ఉంటే పైన ముద్ద పెట్టడం, కారే కుండకి బయట పసుపు రాసినట్టే.

ఇంకో సంగతి గ్రూపులో ఎవరూ ఎత్తలేదు. మన మిల్లు స్టోర్సుల్లో దొరికే 1/8 ఫిట్టింగు బీఎస్‌పీ. అంగుళానికి 28 మరలు, కోణం 55 డిగ్రీలు. మార్కరుది 27 మరలు, 60 డిగ్రీలు. చేత్తో ఎక్కిస్తే రెండు మూడు చుట్లు హాయిగా పోతుంది, తర్వాత బిగుసుకుంటుంది. బాగా బిగిసిందని మనం సంతోషిస్తాం. నిజానికి అల్యూమినియం మర చెడుతోంది. నాలుగో మార్కరుకి ఎవరో ఇక్కడి ఫిట్టింగే వేశారని విన్నాను. దానికి ఏ సీలెంటూ పనికిరాదు. ముందు ఫిట్టింగు తీసి మర చూడాలి.

మరి మర జాయింటుకి ఏమి వాడాలి? గాలి లైన్లకని అమ్మే ద్రవ సీలెంటు, లాక్‌టైట్ 545 లాంటిది. పోగులు ఊడవు, తర్వాత మామూలు పానాతోనే విప్పొచ్చు. ఆటవాళ్లు చాలామంది నీలం రంగు లాక్ జిగురు వాడతారు, చిన్న ఫిట్టింగుకి అదీ ఆగుతుంది. ఎర్రది వద్దు, వేడి చేస్తే గాని రాదు, గాలి పరికరం మీద మంట పెట్టే తెలివి మనకొద్దు. పాత టేపంతా గీకి, ఎసిటోనుతో తుడిచి, మొదటి మర వదిలి ఒక్క చుట్టు రాసి బిగించాలి. బిగించాక సరిచేద్దామని వెనక్కి తిప్పకూడదు. ఇవి గాలి తగలని చోట, లోహం తగిలితే గట్టిపడతాయి. ఇత్తడికి త్వరగా పట్టుకుంటుంది. రంగుపూత ఉన్న అల్యూమినియానికి బాగా నెమ్మది, కాబట్టి ఒక రోజంతా వదిలేయాలి. గంటలో ఆడేద్దాం అంటే కుదరదు. ఆ చేతులతో ముఖం మాస్కుని ముట్టుకోవద్దు. మాస్కు అద్దం పాలీకార్బొనేటు, ఈ ద్రవం తగిలితే చీలుతుంది. కన్ను కాపాడేది అదే.

ఖర్చు మాట వస్తుందని తెలుసు. టేపు టీ డబ్బుల్లో వస్తుంది, ఈ బుడ్డి వందల్లో. బుడ్డి నేను కొంటాను, సంఘం లెక్కలో రాయక్కర్లేదు.

సిలిండరు మీద కొట్టిన పరీక్ష తేదీ కూడా చదవండి తమ్ముళ్లూ. గడువు దాటితే దాన్ని నింపించవద్దు. సిలిండరులో కూర్చున్న వాల్వుని మాత్రం నేను ముట్టుకోను, మీరూ ముట్టుకోకండి.

ఆదివారం పొద్దున తొమ్మిదికి నాలుగు మార్కర్లూ సిలిండర్లు తీసేసి మా ఇంటికి తెండి. సబ్బు నీళ్లు, రింగులు నా దగ్గరుంటాయి. మామయ్య గారూ, మీరూ రండి, కాఫీ తాగుతూ పోట్లాడుకుందాం.