చిత్రశాలకు యజమాని ఎవరు?

ఐక్యరాజ్య సమితి 2025ను అంతర్జాతీయ సహకార సంవత్సరంగా ప్రకటించినది. 2012 తరువాత సహకారోద్యమానికి ఈ మన్నన దక్కుట ఇది రెండవసారి. మన దేశంలో 2021లో సహకారానికి ప్రత్యేక మంత్రిత్వ శాఖ ఏర్పడినది. 2025 జూలైలో జాతీయ సహకార విధానం వెలువడినది. ఇంత జరిగినా సహకారమనగానే సామాన్య పాఠకునికి స్ఫురించేవి పాలు, ఎరువులు, పంట ఋణాలు, మగ్గాలు. కుంచె స్ఫురించదు, ఉలి స్ఫురించదు. కళాకారుడు ఏకాకి అనీ, నలుగురితో కూడి జమాఖర్చులు వ్రాసుకొనుట అతని స్వభావానికి సరిపడదనీ మనలో ఒక నమ్మకం పాతుకొని పోయినది. ఆ నమ్మకంలో నిజమెంతో పరిశీలించవలసి ఉన్నది.

కవికి కాగితం, కలం ఉంటే చాలును; వీధి అరుగు మీదనైనా కావ్యం పుట్టవచ్చును. చిత్రకారుని సంగతి అట్లు కాదు. అతనికి నిలకడైన వెలుతురు కావలెను. దూరంగా నిలిచి చూచుకొనుటకు పది అడుగుల ఎడం కావలెను. తడి ఆరని పటాలను పిల్లల చేతికి అందకుండా ఆనించుకొనుటకు గోడ కావలెను. శిల్పి అవసరాలు ఇంకను కఠినం. రాతి పొడి, సుత్తి చప్పుడు, కంచు కరగించే కొలిమి పొగ — వీటిని సహించే ఇంటి యజమాని ఏ పట్టణంలో ఉన్నాడు? మన ఉన్నత పాఠశాలలలోని డ్రాయింగు మాస్టర్లలో చేయి తిరిగిన చిత్రకారులు లేకపోలేదు. వారి కళ సెలవు దినాలలో, అద్దె ఇంటి వసారాలో ఊపిరి పీల్చుకొంటున్నది. ఎచింగు ప్రెస్సు గాని, మట్టి బొమ్మలు కాల్చే బట్టీ గాని ఒక్కడు కొనుట కష్టం. కొన్నా నెలకు నాలుగు దినాలకు మించి దానితో పని ఉండదు. పదిమంది కలిస్తే అదే సాధనం ఏడాది పొడుగునా పనిచేస్తుంది. సహకార చిత్రశాలకు మూలమైన గణితం ఇంతే.

రాజులు, జమీందారులు పోయిన తరువాత ఈ చోటు ఇవ్వగలిగినది ప్రభుత్వమే అని పలువురు తలచినారు. ఆ మార్గం వ్యర్థం కాలేదు. లలిత కళా అకాడమీ 1976లో ఢిల్లీలోని గఢీలో చిత్రశాలలు నెలకొల్పినది. చెన్నైలో గ్రీమ్స్ రోడ్డు కేంద్రం ఉన్నది. అక్కడ పనిచేసి పేరు తెచ్చుకొన్నవారు ఉన్నారు. అయినా అక్కడ కళాకారుడు అతిథి గాని గృహస్థు కాడు. గది ఎంతకాలం ఉండేదీ, ఎవరికి దక్కేదీ నిర్ణయించేవారు వేరే ఉంటారు.

సహకారంలో గృహస్థు తానే. 1844లో ఇంగ్లండులోని రోచ్‌డేల్ పట్టణంలో 28 మంది శ్రామికులు, వారిలో నేతగాండ్రు పలువురు, కూడి ఒక దుకాణం తెరచిననాడు నిలిపిన సూత్రం నేటికీ చెల్లుతున్నది: వాటాలెన్ని ఉన్నా మనిషికి ఓటు ఒక్కటే. సాహిత్య రంగంలో దీనికి మన పొరుగుననే ఉదాహరణ ఉన్నది. 1945లో కొట్టాయంలో 12 మంది మలయాళ రచయితలు 120 రూపాయల మూలధనంతో సాహిత్య ప్రవర్తక సహకార సంఘం స్థాపించి తమ గ్రంథాలను తామే ప్రచురించుకొన్నారు. తెలుగు రచయిత సొంత ఖర్చుతో అచ్చువేయించి, ప్రతులను అటక మీద భద్రపరచుకొనే సంగతి ఇక్కడ జ్ఞాపకం రాక మానదు.

చిత్రకళలో ఇట్టి ప్రయత్నానికి దక్షిణ దేశంలో ప్రధానమైన నిదర్శనం చెన్నపట్టణానికి దక్షిణంగా, మహాబలిపురం పోయే దారిలో, ఇంజంబాక్కం వద్ద సముద్రతీరాన ఉన్న చోళమండలం కళాకారుల గ్రామం. ఈ పేరును పాశ్చాత్యులు కోరమండల్ అని మార్చుకొన్నారు. ఆ తీరరేఖ ఉత్తరంగా సాగి మన కృష్ణా ముఖద్వారం వరకు వస్తున్నది కనుక పేరులో తెలుగువారికీ కొంత పాలు ఉన్నది. 1966లో దీనిని స్థాపించినవారు కె.సి.ఎస్. పణిక్కర్. దేవీప్రసాద్ రాయ్ చౌదరి తరువాత 1957లో మద్రాసు ప్రభుత్వ చిత్రకళాశాలకు అధిపతి అయినవారు ఆయన. ఏటేటా పట్టభద్రులై వెడలుతున్న శిష్యులు బ్రతుకు తెరువుకై కుంచెను ప్రక్కన పెట్టుట ఆయన కండ్లారా చూచినారు. ప్రభుత్వానికి అర్జీ పెట్టుకొని ఊరకుండలేదు. శిష్యులచేత బాతిక్ గుడ్డలు, తోలు పని, లోహపు పని చేయించి అమ్మించినారు. చిత్రపటం అమ్ముడుపోవుటకు ఏండ్లు పట్టవచ్చును. బాతిక్ గుడ్డ వారంలో అమ్ముడుపోతుంది. ఆ వచ్చిన సొమ్మును కూడబెట్టి సుమారు 10 ఎకరాల ఇసుక నేల కొన్నారు. నగరానికి దూరమైన నేల కనుకనే ఆనాడు వారికి అందుబాటులోనికి వచ్చినది.

ఈ క్రమాన్ని గమనించవలెను. ముందు జీవిక, తరువాత భూమి, ఆ తరువాత చిత్రశాల. మన పట్టణాలలో కళాసంఘాలు తరచుగా ఈ క్రమాన్ని తలక్రిందులు చేస్తాయి: ముందు ప్రారంభోత్సవం, తరువాత విరాళాల పుస్తకం. చేతిపని చేస్తే చిత్రకారుని స్థాయి తగ్గుతుందనే అపోహ కూడ మనలో లేకపోలేదు. పి.వి. జానకీరాం లోహశిల్పాలు చూచినవారు ఆ మాట అనరు. రేకును మలచి, తీగెలు అతికి ఆయన చేసిన దేవతామూర్తులలో కంసాలి పనితనమూ ఆధునిక శిల్పి దృష్టీ వేరుపడవు. జె. సుల్తాన్ అలీ, కె. రామానుజం, ఎం. సేనాధిపతి మొదలైనవారు ఆ గ్రామంలో ఉండి పనిచేసినారు. మద్రాసు చిత్రకళా ఉద్యమమని చరిత్రకారులు పేర్కొనుచున్నదానికి ఆ ఇసుక నేలయే పట్టుగొమ్మ అయినది. ఎవరి ఇల్లు వారు కట్టుకొన్నారు. ప్రదర్శనశాల, పనిసాలలు, భారతి అనే ఆరుబయలు రంగస్థలం అందరివీ. నిర్వహణ, అమ్మకం సహకార పద్ధతిన నడిచే కళాకారుల హస్తకళా సంఘానివి. పణిక్కర్ 1977లో మరణించినారు, గ్రామం మరణించలేదు. 2009లో అక్కడ ఆ ఉద్యమానికి ఒక మ్యూజియం కూడ వెలసినది.

మన వైపు చూస్తే తేడా తెలుస్తుంది. అదే మద్రాసు కళాశాలలో చదివిన అంట్యాకుల పైడిరాజు విజయనగరంలో చిత్రకళాశాల నడిపినారు. అంతకు ముందే రాజమహేంద్రవరంలో దామెర్ల రామారావు తన చుట్టూ ఒక మిత్రమండలిని కూర్చుకొని, 1925లో 28వ ఏటనే అస్తమించినారు. వీరి ప్రతిభకు కొరత లేదు. కాని ఆ సంస్థలకు ప్రాణం ఒక వ్యక్తి. సభ్యుల వాటాధనం కాదు.

అయితే చోళమండలానికీ పరీక్షాకాలం వచ్చినది. స్థాపకులలో పలువురు నేడు లేరు. ఒకనాటి ఇసుకదారి ఇప్పుడు ఈస్ట్ కోస్ట్ రోడ్డు. దాని ప్రక్కన నేల విలువ ఎంత పెరిగినదో వేరుగా చెప్పనక్కరలేదు. ఇల్లు వారసునికి వస్తుంది, కుంచె రాదు. పణిక్కర్ కుమారుడు ఎస్. నందగోపాల్ స్వయంగా శిల్పియై 2017లో మరణించేవరకు ఆ గ్రామాన్ని కనిపెట్టుకొని ఉండుట అదృష్టం. అదృష్టాన్ని నిబంధనావళిలో వ్రాసుకొనుటకు వీలులేదు.

ఈ చిక్కు ఎంత లోతైనదో న్యూయార్క్ అనుభవం తెలుపుతున్నది. అక్కడ సోహో ప్రాంతంలో కర్మాగారాలు ఖాళీ అయిన భవనాలను జార్జి మచూనస్ 1967 ప్రాంతాన కళాకారుల సహకార సంఘాల పేర కొనిపించినాడు. ఊస్టర్ వీధిలోని 80వ నంబరు భవనం వాటిలో పేరు పొందినది. పరిశ్రమలకు కేటాయించిన ఆ భవనాలలో నివసించుట అప్పటికి చట్టవిరుద్ధం; 1971లో నగరపాలకులు ధ్రువీకరణ పొందిన కళాకారులకు అనుమతి ఇచ్చినారు. తరువాత జరిగినది విచిత్రం. కళాకారులు నివసించుటచేత ఆ పేటకు సొగసు వచ్చినది. సొగసుచేత ధర వచ్చినది. ధరచేత కళాకారుడు తన వాటా అమ్ముకొని వెళ్లినాడు. వాటా అమ్మినవాడు తప్పు చేసినాడని అనలేము, అతనికీ సంసారం ఉన్నది. కాని అతని వెనుక వచ్చిన యువ చిత్రకారునికి ఆ వీధిలో నిలువ నీడ లేకపోయినది. తొలితరం సహకారం మలితరానికి మూసిన తలుపు అయినది.

కనుక సహకార చిత్రశాలలో చేరేవారు మొదట అడగవలసిన ప్రశ్న గది వైశాల్యం గురించి కాదు, నిష్క్రమణ గురించి. గది సంఘానిదై, సభ్యునికి వినియోగపు హక్కు మాత్రమే ఉండి, వెళ్లేటప్పుడు వాటాధనం మూలవిలువకు తిరిగి ఇస్తే, ఆ గది మరొక కళాకారునికి దక్కుతుంది. అయితే ముప్పది ఏండ్లు నెలచందా కట్టిన వృద్ధశిల్పిని ఆ కాస్త సొమ్ముతో పంపుట న్యాయమా? అతను స్వయంగా వేయించిన పైకప్పుకు, అమర్చిన కొలిమికి వెలకట్టి చెల్లించుట ఉచితం. నేల ధర పెరిగినందుకు మాత్రం చెల్లించరాదు. పెరిగిన ఆ ధర ఏ ఒక్కని చెమటతోను వచ్చినది కాదు.

తక్కినవి చిల్లర విషయాలని తోచవచ్చును, కాని సంఘాలు చెడేది వాటితోనే. ఉమ్మడి గొర్రె పుచ్చి చచ్చినదనే సామెత ఊరకే పుట్టలేదు. గదికి తాళం వేసి పాత పటాలు దాచుకొనే సభ్యుడు ఒకడుంటాడు. ఏడాదికి ఇన్ని నెలలు పనిచేయనిచో గది వదలవలెనన్న నియమం ముందే ఉండవలెను. శిల్పి దుమ్ము చిత్రకారుని తడి రంగు మీద పడుతుంది. గోడ కట్టే ఖర్చు ఎవరిది? చందా బాకీపడినవాడు ప్రాణమిత్రుడు. నోటీసు మీద సంతకం చేయవలసిన కార్యదర్శి అతనితో కలిసి కాఫీ త్రాగేవాడు. ఆ కార్యదర్శి కూడ చిత్రకారుడే. కరెంటు బిల్లు, ఆడిట్, సర్వసభ్య సమావేశపు మినిట్సు — ఇవన్నీ అతని కుంచె నుండి కోసిన గంటలు. ఆ భారం ఏడాదికొకరి చొప్పున మారవలెను, లేదా జీతమిచ్చి గుమాస్తాను పెట్టుకోవలెను. కొత్త సభ్యులను ఎన్నుకొనుటలో మరొక ప్రమాదం ఉన్నది: తమ శైలినే అనుసరించేవారిని చేర్చుకొంటూ పోతే కొంతకాలానికి సంఘం ముఠా అవుతుంది.

చట్టం అడ్డుగా లేదు. 2012లో అమలులోనికి వచ్చిన 97వ రాజ్యాంగ సవరణతో సహకార సంఘం స్థాపించుకొనుట 19వ అధికరణపు హక్కులలో చేరినది. 1995 నాటి పరస్పర సహాయక సహకార సంఘాల చట్టం క్రింద నమోదైతే ప్రభుత్వ వాటాధనమూ ఉండదు, దాని వెంట వచ్చే పెత్తనమూ తగ్గుతుంది. హైదరాబాదు పరిసరాలలో నేల కొనుట నేటి యువ చిత్రకారులకు దుస్సాధ్యం. రాజమహేంద్రవరం, విజయనగరం, వరంగల్లు వంటి పట్టణాలలో మూతపడిన బియ్యపు మిల్లులు, వాడుకలో లేని గిడ్డంగులు ఉన్నచోట పదిమంది కలిసి ఒకదానిని దీర్ఘకాలపు లీజుకు తీసుకొనుట అంత దుస్సాధ్యం కాదు. ఎత్తైన పైకప్పు, వెడల్పైన తలుపులు, ఉత్తరపు వెలుతురు వచ్చే పెద్ద కిటికీ — మిల్లు కట్టినవాడు ఎరుగకుండానే చిత్రశాలకు కావలసినవి చాలవరకు కట్టి ఉంచవచ్చును. లీజు పత్రంలో గడువు మాత్రం పది ఏండ్లకు తగ్గరాదు. బట్టీ కట్టిన ఖర్చు రాబట్టుకొనుటకే అందులో సగం కాలం పడుతుంది.